మిగిలిన రెండు నెలలు

పళ్ళ సెట్లు చేసే ఆ ఇరుకు గదిలో పొద్దున్నే మొదటి పని మైనం కరిగించడం. ఆవిడ దీపం వెలిగించి, దంతవైద్యులు పంపిన సుద్ద అచ్చుల్ని బల్ల మీద వరసగా పెట్టుకునేది. అచ్చు చేతిలోకి తీసుకుంటే చాలు, ఆ మనిషి ఏ దవడతో నములుతాడో, నిద్రలో పళ్ళు కొరుకుతాడో లేదో చెప్పేసేది. ఊళ్ళో ముసలివాళ్ళలో సగం మంది నవ్వులు ఆవిడ చేతి చలవే. పొట్ట అడ్డం వస్తుందని బల్లకి కాస్త పక్కగా కూర్చుని పనిచేసేది.

ఆ పొట్ట సంగతి అందరికీ తెలిసిందే. కూతురు ఏడో నెల నిండగానే ఎవరో వెనకనుంచి తరిమినట్టు బయటికొచ్చేసింది. గుప్పెడంత ఉందని అత్తగారు "గుప్పెడు" అని పిలిచింది, ఆ పేరే నిలిచిపోయింది. పిల్ల వచ్చింది గానీ, లోపల గడపాల్సిన రెండు నెలలూ దానితో రాలేదు. తల్లి కడుపులోనే ఉండిపోయాయి. కాన్పు చేసిన డాక్టరు చెయ్యి పెట్టి చూసి, "లోపల ఎవరూ లేరమ్మా, నెలలే. బరువులెత్తకండి" అని చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్ళింది. బస్సులో ఎవరైనా లేచి చోటిస్తే, "బిడ్డ లేదండీ, మిగిలిన నెలలు" అనేది ఆవిడ. "నెలలైతే మాత్రం బరువుండదా, కూర్చోండి" అనేవాళ్ళు.

గుప్పెడుకి ఏడాది దాటినా నోట్లో ఒక్క పన్ను రాలేదు. "ఊరందరికీ పళ్ళు పంచుతావు, నీ కూతురికి రెండు దాచిపెట్టలేకపోయావా?" అని యజమాని వేళాకోళం చేస్తే ఆవిడ నవ్వేది గానీ మనసు చివుక్కుమనేది. పిల్లల డాక్టరు మాత్రం తొణకలేదు. "పుట్టిన రోజు నుంచి కాదమ్మా, పుట్టాల్సిన రోజు నుంచి లెక్కపెట్టండి. వస్తాయి" అంది. అన్నట్టే కింది చిగుళ్ళలో రెండు పళ్ళు సగం సగం తలెత్తాయి. తెల్లటి సుద్ద మచ్చలతో వచ్చాయి, అయినా వచ్చాయి.

అసలు బాధ పళ్ళు కాదు, నోరు. పుట్టగానే ఊపిరి కోసమని ఒక గొట్టం వేశారు, పాల కోసమని ఇంకొకటి. వాటి ఒత్తిడికి అంగిట్లో గాడి పడింది. నోటి దగ్గరికి వచ్చేదేదైనా నొప్పేనని పిల్ల అప్పుడే తీర్మానించుకుంది. చెంచా చూస్తే పెదాలు బిగించేది. అమ్మ వేలు తగిలినా మొహం తిప్పేసుకునేది. పాలన్నీ ఇంకా ముక్కులోంచి వెళ్ళే సన్నటి గొట్టంలోనే.

"వచ్చేసారి చూస్తాను" అంది పిల్లల డాక్టరు. "అప్పటికీ నోటితో తీసుకోకపోతే పొట్టకి రంధ్రం చేసి గొట్టం పెట్టాలి. చప్పరించడం, మింగడం బిడ్డలు కడుపులో ఆఖరి నెలల్లో సాధన చేస్తారమ్మా. పాపకి ఆ అవకాశం లేకుండా పోయింది."

ఆ సాధన ఎక్కడుందో తల్లికి తెలుసు. పగలు పని మధ్యలో పొట్ట మీద చెయ్యి వేసుకుంటే లోపల నెలలు మెదిలేవి. ఒక్కోసారి ఎక్కిళ్ళు, ఒక్కోసారి బొటనవేలు చప్పరిస్తున్నట్టు చప్పుడు. ఆవిడకి అదంటే ప్రాణం. వీధిలో ప్రతి తల్లీ పిల్లల్ని తిడుతూ "నవమాసాలూ మోసి కన్నాన్రా" అంటుంది. ఆ మాట అనే యోగం తనకి లేదు. అందుకే ఆ రెండు నెలల్నీ ఇలాగే ఎప్పటికీ మోస్తూ ఉండాలనుకునేది. ఆశ అంటే అలాగే ఉంటుంది మరి, సిగ్గూ శరం లేకుండా.

ఓ మధ్యాహ్నం ఉతికిన బట్టలు మడతపెడుతూ అత్తగారు అంది, "లోపల చప్పరించే చప్పుడు నాకూ వినిపిస్తోందమ్మాయ్."

"వినిపిస్తుంది అత్తయ్యా."

"మరి దాచుకున్నావేం?"

"దాచుకోలేదు. మిగిలాయి."

"ఎవరికి మిగిలాయి? ఆ నెలలు నీవి కావు, దానివి."

కోడలు మడత పెట్టిన తువ్వాలే మళ్ళీ విప్పి మడతపెట్టింది. "ఇచ్చేస్తే నాకేం ఉంటుంది?"

అత్తగారు చివరి చీర మడతపెట్టింది. "అడగందే అమ్మైనా పెట్టదంటారు. అది నోరే తెరవదాయె, ఎలా అడుగుతుంది?" అని బట్టలు తీసుకుని లోపలికి వెళ్ళింది.

అడగలేని పిల్లకి తనే ఇవ్వాలి. అలా మొదలైంది. రోజూ పని నుంచి రాగానే ఆవిడ చొక్కా పైకి తీసి, గుప్పెడుని ఒంటి మీద గుడ్డ లేకుండా పొట్ట మీద బోర్లా పడుకోబెట్టుకునేది. మొదట్లో పిల్ల గింజుకుంది. తర్వాత చెవి ఆనించి విన్నది. కొన్నాళ్ళకి పెదాలు మెల్లగా కదిలాయి. తల్లి పొట్ట తగ్గుతూ వచ్చింది. ఆ రోజుల్లో గుప్పెడు గోళ్ళు పెరగలేదు, సగం వచ్చిన పళ్ళు అక్కడే ఆగాయి. పాత రోజులు వాడుకుంటోంది కదా, కొత్తవి ఎలా జరుగుతాయి?

పనిలో ఆవిడ ఇప్పుడు బల్లకి ఎదురుగా కూర్చోగలుగుతోంది. మైనం అచ్చులు ఇంకా తీరుగా వస్తున్నాయని యజమాని మెచ్చుకున్నాడు. ఆవిడకి ఏడుపొచ్చింది.

ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజు పొద్దునకి బొడ్డు కింద నిమ్మకాయంత మాత్రం మిగిలింది. ఒక రోజో, ఒక పూటో. ఆవిడ చొక్కా కిందికి లాక్కుంది. "ఇదొక్కటీ నాకుండనివ్వండి అత్తయ్యా" అంది. అత్తగారు కాదనలేదు.

గుప్పెడు చాప మీంచి పాకుతూ వచ్చింది. పుట్టినప్పటి నుంచి ఏదీ కావాలని ఎవరి దగ్గరికీ వెళ్ళని పిల్ల, తల్లి ఒళ్ళోకి ఎక్కి, చొక్కా అంచు పట్టుకుని పైకి ఎత్తింది. ఎత్తి, మొహం ఆనించింది. తల్లి రెండు చేతులూ గాల్లోనే ఉండిపోయాయి. తర్వాత ఒకటి పిల్ల వీపు మీదికి దిగింది. పిల్ల తలెత్తేసరికి పొట్ట అందరి పొట్టల్లాగే ఉంది, గుప్పెడు నోట్లో దాని బొటనవేలుంది.

ఆసుపత్రిలో డాక్టరు పిల్ల చప్పరించడం, మింగడం చూసి, దాని ముక్కు మీది పట్టీ తీసి, గొట్టం బయటికి లాగేసింది. "రంధ్రం అక్కర్లేదు. పళ్ళ మీద పైపొర పలచగా ఉంది, జాగ్రత్తగా తోమండి" అంది. అలాంటి మచ్చల పళ్ళు తన బల్ల మీదికి వస్తే ఆవిడ చెత్తబుట్టలో పడేసేది. వాటినే చూస్తూ ఇంటిదాకా వచ్చింది.

ఆ సాయంత్రం గిన్నెలో పాలన్నం మెత్తగా కలిపి చెంచా అందించింది. గుప్పెడు నోరు తెరిచింది. మింగింది. రెండో చెంచాని ఆ రెండు పళ్ళతో కొరికి పట్టుకుంది.

"వదలవే తల్లీ" అంది ఆవిడ.

పిల్ల వదల్లేదు. ఆవిడ మెల్లగా లాగింది. పిల్ల ఇంకా గట్టిగా లాగింది. ఇంత బలంగా తనని పట్టుకుని ఆపినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరనిపించింది ఆవిడకి. గిన్నె కింద పెట్టి, చెంచా రెండో కొస పట్టుకుని అలాగే కూర్చుంది.