ఎవరి ఎంగిలి

ఘాటు ఎక్కువైందేమో, ఆవమొలకలు ఒకరోజు ముందే కోసుండాల్సిందేమో, లేకపోతే పళ్ళెం అంచున ఇలా ఎందుకు పడుంటాయి అనుకుంటూ ఆమె హోటల్ వంటగది వెనక, గిన్నెలు తోమే తొట్టి దగ్గరే నిలబడిపోయింది. అక్కడ పెద్ద వంటవాడు ఆమె భర్త. మైక్రోగ్రీన్స్ అని పిలిచే ఆ మొలకల డబ్బా ఇంట్లో మరిచిపోయానని అతను ఫోను చేస్తే, ఇచ్చిపోదామని మొదటిసారి ఇటు వచ్చింది.

లోపలికొచ్చే ప్రతి పళ్ళెంలోనూ అదే. చెంచాతో గీకి గీకి తిన్న గీతలు, పక్కకు నెట్టేసిన పచ్చటి కుచ్చు. రెండేసి ఆకులు, తెల్లటి కాడలు. ట్రేలలో గింజలు చల్లి, పైన బరువు పెట్టి, చీకట్లో ఉంచి, తలెత్తాక వెలుగులోకి తెచ్చి, కత్తెరతో కోసింది తనే.

"ఎవరూ తినరా ఇవి?"

గిన్నెలు తోమే ఆమె నవ్వింది. "అవి ఫొటోకి అక్కా. తినేవైతే నా తొట్టి జాలీ ఇన్నిసార్లు మూసుకుపోద్దా? పెంచే మహాతల్లి ఎవరో గానీ, నా ఉసురు పోసుకుంటోంది."

ఆ మహాతల్లి తొట్టి జాలీ వైపు చూసింది.

ఉద్యోగం పోయి ఆమె గోడకేసి చూస్తూ కూర్చున్న రోజుల్లో భర్త గింజల పొట్లం తెచ్చి చేతిలో పెట్టాడు. అప్పట్నుంచీ ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ ఒకటే మాట: "నీ ఆకులకి జనం పడి చస్తున్నారే." ఆ మాట కోసమే ఆమె పొద్దున్నే లేచేది. అతను అబద్ధం చెప్పినందుకు కాదు బాధ. ఏడ్చే పిల్ల చేతిలో పిప్పరమెంటు బిళ్ళ పెట్టినట్టు ఎంత తేలిగ్గా చెప్పాడు! తను ఎంత ఆశగా చప్పరించింది!

భర్త చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఇంకా ఇక్కడే ఉన్నావా?" ఆమె చూపు వెంట పళ్ళేల మీదికి చూశాడు. "ఇవాళ అంతా ముసలాళ్ళొచ్చారు. నమల్లేరు పాపం."

ఇప్పుడు కూడా అబద్ధమే. ఆలోచించుకోవాల్సిన పని కూడా లేకపోయింది అతనికి.

ఆమె ఒక కుచ్చు చేతిలోకి తీసుకుంది.

"పారెయ్యి. ఎంగిలిది."

"ఎవరి ఎంగిలండీ?"

అతను తల తిప్పుకున్నాడు. తోమే ఆమె చేతిలో గిన్నె ఆగిపోయింది.

ఆమె కుచ్చును నోట్లో పెట్టుకుని, తొందరపడకుండా నమిలింది. ముక్కుకెక్కింది. ఘాటు సరిగ్గానే కుదిరింది.