తెర వెనక ఊపిరి

మా పార్మా ఊరి ఒపెరాశాలలో పై గ్యాలరీ జనానికి భయపడని గొంతు లేదు. నేనూ భయపడ్డాను, కాదనను, కానీ ఒక్కసారే. ఇరవై నాలుగేళ్ళ వయసులో "కొండకోట పెళ్ళికూతురు" ఒపెరాలో వధువు వేషం కట్టాను. ఉరికంబానికి నడిచే ప్రియుడికి కోట గోడ మీంచి వీడ్కోలు చెప్పే పాట ఉంది చూశారూ, అందులో చివరి స్వరం పన్నెండు లెక్కలు నిలవాలి. నాకు ఎనిమిదికే ఊపిరి అయిపోయింది. గ్యాలరీలోంచి మంగలి అమిల్కరె ఈల వేశాడు. మా ఊళ్ళో ఈలంటే ఛీకొట్టడమే. ఆ వెంటనే గ్యాలరీ అంతా వేసింది. మర్నాటి నుంచి నాకు వేషమిచ్చిన నాథుడు లేడు. ఇరవై రెండేళ్ళు ఊళ్ళోవాళ్ళ చొక్కాలు ఇస్త్రీ చేశాను.

ఇప్పుడు ఆ ఒపెరానే సినిమా తీశారు. మూడు గంటల కథని ఇరవై నిమిషాలకు కోసి పారేశారు, వాళ్ళ చేతులు పడిపోను! బొమ్మకు నోరుంది, గొంతు లేదు. అందుకని ఓర్లందీని అనే సినిమాహాలు ఓనరు నన్ను తెర వెనక నిలబడి పాడమన్నాడు.

"నీ పేరు మాత్రం వెయ్యలేను ఎర్సీలియమ్మా. మిలానో నుంచి తెచ్చిన గొంతని చెప్పుకుంటా. ఆదివారం గ్యాలరీ వాళ్ళంతా వస్తున్నారు. ఈల పడిందో, సోమవారమే గ్రామఫోను కొనేస్తా," అన్నాడు.

"కొనుక్కో. దానికి ఊపిరి పట్టడం కూడా నువ్వే నేర్పు," అన్నాను.

నోటితో అన్నాను గానీ, మళ్ళీ ఆ ఇస్త్రీపెట్టె పట్టుకోవాలంటే నా ప్రాణం పోయినట్టే.

తెర మీద వధువు తురీనో ఊరి పిల్ల. చక్కగా ఉంది. పాట మాత్రం ఒక్క ముక్క రాదు. పన్నెండు లెక్కల స్వరానికి ఏడో లెక్కకే నోరు మూసేసింది! మూసిన నోట్లోంచి పాట వస్తే గ్యాలరీ ఊరుకుంటుందా? దానితోపాటు నేనూ ఆపేస్తే మళ్ళీ ఆ పాత ఈలే.

చేత్తో మిషను తిప్పే గ్వెర్రీనో దగ్గరికి వెళ్ళాను. "ఆ చోట నెమ్మదిగా తిప్పరా. బొమ్మ నోరు తెరిచే ఉంటుంది."

"పిచ్చా అక్కా నీకు? దీపం ముందు ఫిల్ము ఆగిందంటే భగ్గుమంటుంది!"

"ఆపమన్నానా? నెమ్మది చెయ్యమన్నాను. ఎంత నెమ్మదో నేను చెప్తా."

తెర వెనక నుంచి గోడ వెంబడి తాడు లాగి అతని ఎడమ మణికట్టుకు కట్టాను. లాగితే నెమ్మది, వదిలితే మామూలు. పాత ఫిల్ము ముక్క మీద పదిసార్లు చేసి చూశాం.

"మెడకు కట్టలేదు, నయం," అని గొణిగాడు.

ఆదివారం భోజనాలు కాగానే గ్యాలరీ వాళ్ళు ద్రాక్షసారా వాసనతో దిగారు. అమిల్కరె ముందు వరసలో టోపీ పెట్టుకునే కూర్చున్నాడు. "బొమ్మకి టోపీ తియ్యడమేంట్రా?" అన్నాడు. తెర మీద సైన్యం రాగానే, "గుర్రాలు శ్రుతిలో ఉన్నాయ్!" అని అరిచాడు. హాలంతా గొల్లుమంది.

వీడ్కోలు పాట వచ్చింది. బొమ్మ నోరు తెరిచింది. స్వరం అందుకున్నాను. నాలుగో లెక్క దగ్గర తాడు లాగాను. పిల్ల మేలిముసుగు గాలిలో అలాగే తేలుతూ ఉండిపోయింది. ఏడు. నోరింకా తెరిచే ఉంది. ఎనిమిది. పదికి ఫిల్ము వేడెక్కిన వాసన వచ్చింది. "అక్కా!" అని గ్వెర్రీనో కేక పెట్టాడు. నేను తాడు వదల్లేదు. పన్నెండు నిండాకే వదిలాను. పిల్ల అప్పుడు నోరు మూసింది.

ఈల పడలేదు. తరవాత "బిస్!" అని అమిల్కరె గొంతు వినబడింది. అంటే మళ్ళీ పాడాలని. వెంటనే అందరూ "బిస్! బిస్!" అని బల్లలు బాదారు. బొమ్మని మళ్ళీ పాడమనేవాళ్ళు మా పార్మాలో తప్ప ఎక్కడుంటారు!

ఓర్లందీని పరుగెత్తుకొచ్చాడు. "అయ్యా, అది సినిమా అండీ!"

"అయితే పాడినావిడని పిలువ్!" అన్నాడు అమిల్కరె.

"ఆవిడ... మిలానో నుంచి..."

ఇక నావల్ల కాలేదు. తెర పక్కకు లాగి, చేతిలో తాడుతోనే బయటికొచ్చి నిలబడ్డాను.

అమిల్కరె చూశాడు. మీసాలు పూర్తిగా నెరిశాయి. మెల్లగా లేచాడు.

"ఎర్సీలియా! ఆ నాలుగు లెక్కలు తేవడానికి ఇరవై రెండేళ్ళు పట్టిందటే నీకు?"

"తెచ్చానుగా. కూర్చో," అన్నాను. "ఒరే గ్వెర్రీనో, వెనక్కి చుట్టు. మళ్ళీ పాడతాను."

ఆయన కూర్చోలేదు. ముందు టోపీ తీశాడు.