జమ్లి కొంగున ముడిపడ్డ పేరు

ఏది ముందు జరిగిందో, ఏది తర్వాతో, నేను అటూ ఇటూ చెయ్యవచ్చు. రెండు వేల ఏడో ఎనిమిదో, అదీ గట్టిగా చెప్పలేను. జమ్లి కోపం మాత్రం ఉన్నదున్నట్టు గుర్తుంది.

జూలూరుపాడు దగ్గరి తండాలో ఆడవాళ్లు పొద్దున వంటలు కాగానే అద్దాల సంచులు కుట్టడానికి కూర్చునేవాళ్లు. హైదరాబాదులో ఒక దుకాణం మెయిలు రాసి వాటిని తెప్పించుకునేది. ఆ ఆడవాళ్ల సంఘానికి మెయిళ్లు చూసేది సోని. ఆమె తాత తండాకు నాయక్, అంటే పెద్ద; నాయనమ్మ జమ్లి.

జమ్లి ఏ మాటనైనా కొంగున ముడివేస్తే, విప్పేదాకా అది ఇంకెవరికీ గుర్తుండదు. కాగితం మీద చూసినా తలెత్తేసరికి జారిపోతుంది. ఒకసారి తండా పిల్ల కమ్లి నత్తిని వెక్కిరించే మారుపేరును ముడివేసింది. పిల్లలు నోరు తెరిచి, ఏమనాలో తెలియక ఆటకు పోయారు.

జూలూరుపాడులో నెట్ సెంటరు నడిపే రవికుమార్ తండావాళ్లకు మెయిళ్లు తెరిచి ఇచ్చినప్పుడు, మరిచిపోరని అందరికీ ఒకటే పాస్‌వర్డు పెట్టాడు: నాయక్ పేరు. నాయక్ మురిసిపోయాడు. ఇక దాన్ని మార్చడమంటే ఆయన్ను పెద్దరికంలోంచి దించినట్టే. ఎవరూ మార్చలేదు.

వానలకు ముందు రావాల్సిన పెద్ద ఆర్డరు రాలేదు. సోని దుకాణానికి ఫోను చేసింది.

"సంఘం మూసేశాం, ఇకమీదట రవికుమార్‌కే రాయమని మీరే రాశారు కదా" అన్నది దుకాణం మేడమ్.

"నేను రాయలేదండి."

"అయితే పాస్‌వర్డు మార్చి, సాయంత్రంలోగా మీ మెయిలు నుంచి నాకు రాయండి. లేకుంటే ఆర్డరు ఆయనకే ఇస్తాను."

సోని ఫోను పెట్టేసి నాయక్ ముందు నిలబడింది. "తాతా, పాస్‌వర్డు మారుస్తున్న."

"నా పేరు తీసి ఎవని పేరు పెడతవ్?"

"ఎవ్వరి పేరూ పెట్ట. పేరు పెట్టబట్టే కదా వాడు దూరిండు."

"దూరినోణ్ని పట్టుకో. నా పేరు జోలికి రాకు."

రోట్లో మిరపకాయలు దంచుతున్న జమ్లి రోకలి పక్కన పెట్టింది. "నీ పేరు గొప్పదని తండా ఆడోళ్ల తలుపులు బార్లా తీసి పెట్టాల్నా? గా రవికుమార్ నీ పేరు పట్టుకొనే మా నోటికాడి బువ్వ గుంజుకుంటుండు. మీసం దువ్వుడు తప్ప నీకేం పట్టది."

కొంగు తీసి, పళ్లు కొరుకుతూ ముడివేసింది. "నా పేరు..." అని నాయక్ ఆగిపోయాడు.

అవ్వా మనవరాలూ ఆటోలో సెంటరుకు చేరేసరికి రవికుమార్ కీబోర్డు ముందు తల గోక్కుంటున్నాడు.

"జమ్లమ్మా, మీ నాయక్ పేరేంది?"

"పెనిమిటి పేరు ఆడది చెప్తదా? గంత చదివినవ్, గీపాటి తెల్వదా? లే కుర్చీల నుంచి."

సోని కూర్చుంది. ఆమెకూ పేరు గుర్తులేదు. జమ్లి వంగి, కొంగు అడ్డం పెట్టి, మనవరాలి చెవిలో చెప్పింది. పెండ్లయినంక ఆ పేరు ఆమె పలకడం అదే మొదలు.

జారిపోకముందే సోని కొట్టేసింది. మెయిలు తెరుచుకుంది. సోని ఒకదానికొకటి పొంతన లేని నాలుగు మాటలు ఎంచి, నడుమ అంకెలు ఇరికించి, కొత్త పాస్‌వర్డు పెట్టింది. ఎవరి పేరూ కాదు, ఎవరి పుట్టినరోజూ కాదు.

"అవ్వా, నీకు చెప్పనా?"

"నాకు గూడ చెప్పకు."

పొద్దు గూకకముందే మేడమ్‌కు మెయిలు పోయింది. ఆర్డరు తండాకు వచ్చింది. తర్వాత జమ్లి ఒక్కొక్కరి చెవిలో చెప్పడం, వాళ్లు ఎవరిది వాళ్లు మార్చుకోవడం అయిపోయింది. నాయక్ మెయిలు ఒక్కటే మిగిలింది.

"అడుగు, చెప్త. నీది గూడ మార్చినంక ముడి విప్పుత" అన్నది జమ్లి.

"నా పేరు నేను నిన్నడగాల్నా?"

ఆయన అడగలేదు. ఆమె విప్పలేదు. ఆయన పోయినప్పుడు రాయి మీద 'నాయక్' అని మాత్రమే చెక్కించారు.

ఆరాధనా, దీన్ని అచ్చుకు పంపేముందు పేర్లు ఒకసారి సరిచూడు తల్లీ. కమ్లి పేరు సోనికి, సోని పేరు కమ్లికి పెట్టి ఉంటే దిద్దు. నాయక్ పేరు ఎక్కడా లేదేమని వెతకకు. అది నా మతిమరుపు కాదు. జమ్లి ఇంకా ఉంది, కొంగున ముడి ఇంకా ఉంది.