సోమవారం పొద్దున చూడాల్సిన ఇల్లు

మా కొత్త ఇల్లు చూడ్డానికి నలుగురు వెళ్ళారు. మా ఆయన, ఆయన అక్క, ఆవిడ భర్త, ఇల్లు చూపించే ఏజెంటు. ఉద్యోగం వచ్చింది నాకు. ఊరు మారుతున్నది నా ఉద్యోగం కోసం. పొద్దున్నే లేచి పరుగెత్తాల్సింది నేను. ఆ నలుగురిలో నేను లేను.

అప్పుడు నేను పాత ఆసుపత్రిలో ఆఖరి వారం పని చేస్తున్నాను. నా స్థానంలోకి వచ్చిన అమ్మాయికి పని నేర్పుతున్నాను. "అంత దూరం నువ్వెందుకు తిరగడం, మేం చూసుకుంటాంలే" అన్నాడు మా ఆయన. సరేనన్నాను. అలా సరేనన్న నా నోటిని తలుచుకుంటే నాకు నేనే రెండు తగిలించుకోవాలనిపిస్తుంది.

ఎందుకంటే నేను ఎవరి మాటా ఊరికే నమ్మే మనిషిని కాను. పదకొండేళ్ళుగా డయాలసిస్ విభాగంలో చేస్తున్నాను. కిడ్నీలు పని చేయనివాళ్ళ ఒంట్లో పేరుకున్న నీళ్ళను మెషీన్‌తో తీసే పని మాది. ఎంత తీయాలో బరువును బట్టి లెక్క. వచ్చినవాళ్ళందరూ "ఇంట్లో చూసుకునే వచ్చానమ్మా, అరవై రెండే" అంటారు. నేను తలూపి, చెప్పులు విప్పించి, కాటా ఎక్కిస్తాను. అరవై నాలుగున్నర ఉంటుంది. కాటా ఎక్కించకుండా ఒక్కరికీ సూది పెట్టనిదాన్ని, ఇంటి విషయంలో కట్టుకున్నవాడి మాట నమ్మి అద్దె కాగితం మీద సంతకం పెట్టాను.

"ఆసుపత్రికి ముప్ఫై నిమిషాలు. గడియారం పెట్టుకుని మరీ చూశాను" అన్నాడు ఫోన్లో. "ఊరి శివార్లో కాలనీ. చెట్లున్నాయి, గాలి బాగుంది, నీళ్ళకు ఇబ్బంది లేదు. అన్నిటికంటే అక్కావాళ్ళిల్లు పక్క వీధిలోనే."

ఆ 'అన్నిటికంటే' ఆఖర్న చెప్పాడు గానీ, అసలు కథ మొదలైంది అక్కడే.

మా ఆయన వంటింటి అల్మారాలకు నమూనాలు గీస్తాడు. ఒక బల్ల, ఒక కంప్యూటరు ఉంటే చాలు, ఏ ఊళ్ళో ఉన్నా ఆయన పని ఆగదు. గుమ్మం దాటనక్కర్లేని మనిషి, గుమ్మం దాటాల్సిన నాకు దారి చూశాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటే ఇదే.

గడియారం పెట్టుకుని చూసిన మాట మాత్రం అబద్ధం కాదు. చూసింది ఆదివారం, మధ్యాహ్నం మూడింటికి, వాళ్ళ బావ కారులో. నేను వెళ్ళాల్సింది సోమవారం, తెల్లవారుజామున నాలుగున్నరకు, మొదటి బస్సులో.

కొత్త ఆసుపత్రిలో నేను డయాలసిస్ ఇన్‌చార్జిని. పదకొండేళ్ళు ఎదురుచూస్తే వచ్చిన మెట్టు ఇది. ఆరింటికల్లా ఆరుగురు పేషెంట్లు కుర్చీల్లో కూర్చుంటారు. అంతకుముందే మెషీన్లకు వెళ్ళే నీళ్ళను నేను పరీక్ష చేసి, బాగున్నాయని సంతకం పెట్టాలి. నా సంతకం పడేదాకా ఒక్క మెషీన్ కూడా ఆన్ చేయకూడదు. దానికీ, గొట్టాలు బిగించి సిద్ధం చేయడానికీ కలిపి నలభై నిమిషాలు. అంటే ఐదూ ఇరవైకి నేను లోపల ఉండాలి. మొదటి మూడు నెలల్లో మూడుసార్లు ఆలస్యమైతే ఉద్యోగం పోతుంది. ఈ సంగతి కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితాన్ని మా ఆయన కూడా చదివాడు.

మొదటి సోమవారం మూడున్నరకు లేచాను. నాలుగున్నర బస్సులో ముందు సీట్లో కూర్చున్నాను. కాలనీ చెట్లు దాటాం, కాలనీ గాలి కూడా దాటాం. పది నిమిషాలు పోయాక రైల్వే గేటు దగ్గర బస్సు ఆగింది. డ్రైవరు ఇంజను ఆపి, సీటు వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకున్నాడు. అతను కళ్ళు మూసుకున్న తీరు చూడగానే వాచీ చూసుకున్నాను.

"ఎంతసేపండీ?" అన్నాను.

"గూడ్సు బళ్ళు కదమ్మా. ఒకదాని వెనక ఒకటి పోతాయి. ఒక్కోరోజు పది నిమిషాలు, ఒక్కోరోజు ముప్పావుగంట" అన్నాడు కళ్ళు తెరవకుండానే. "కొత్తగా వచ్చారా?"

నడిచి పట్టాలు దాటుదామంటే అవతల బస్సుల్లేవు. ఇంతకంటే ముందు బస్సు లేదు. వేరే దారి లేదు. బొగ్గు పెట్టెలు ఒక్కొక్కటే పోతుంటే అరవై రెండు దాకా లెక్కపెట్టి, కోపంతో లెక్క తప్పాను.

ఆసుపత్రికి చేరేసరికి ఐదూ నలభై ఐదు. ఆరుగురూ వరండాలో కూర్చుని ఉన్నారు. అందులో ఒక పెద్దాయన ఉన్నాడు. నలభై ఏళ్ళు వాచీలు బాగు చేశాడట. అందరూ వాచీల తాత అంటారు. ఆయన చేతికున్న వాచీ చూసి, నన్ను చూసి, మర్యాదగా వేరేవైపు తిరిగాడు.

డయాలసిస్‌లో పోయిన సమయాన్ని మళ్ళీ ఎక్కడి నుంచీ తేలేం. పదిన్నరకు రెండో జట్టు వచ్చేస్తుంది, ఆలోగా మెషీన్లు కడగడానికే అరగంట కావాలి. వాళ్ళూ దూరాల నుంచి వచ్చేవాళ్ళే. కాబట్టి నేను చేసిన ఆలస్యాన్ని మొదటి ఆరుగురి దగ్గరే కోశారు. డాక్టరు రాసింది నాలుగు గంటలు. అందింది మూడు గంటల ముప్ఫై ఐదు నిమిషాలు.

"ఇరవై ఐదు నిమిషాల నీళ్ళు నాలోనే ఉండిపోయాయమ్మా" అన్నాడు వాచీల తాత లేస్తూ. "మోసుకుపోతున్నా. పాత బరువేలే, నాకు అలవాటే."

నవ్వించడానికే అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రం మా ఆడపడుచు వచ్చింది. పక్క వీధి కదా, చెప్పులు చల్లారకముందే వచ్చేస్తుంది. నా వంటింట్లో డబ్బాలను తనకు నచ్చిన వరసలో సర్దుతూ అంతా విని, "కొంచెం ముందు లేస్తే సరిపోతుంది కదమ్మాయ్" అంది.

"మూడున్నరకు లేస్తున్నాను వదినా. ఇంకెంత ముందు? పడుకోకముందే లేవమంటారా?"

"చూశావురా, ఎంత మాటందో!" అంది తమ్ముడి వైపు తిరిగి.

తమ్ముడు నీళ్ళు నమిలాడు. ఆ నీళ్ళను ఏ మెషీన్ తీస్తుందో నాకు తెలియదు. ఆవిడ వెళ్ళాక "ఇప్పుడే కదా దిగాం. వెంటనే మారదామంటే అక్క ఏమనుకుంటుంది?" అన్నాడు.

"మీ అక్క ఏమనుకుంటుందో సరే. నా పేషెంట్లు ఏమనుకుంటున్నారో అడగరేం?"

"ఒక్కరోజుకేనా ఇంత రాద్ధాంతం?"

ఒక్కరోజు కాదు. దాదాపు మూడు వారాలు గేటు దగ్గర కూర్చుని గూడ్సు బండికి దండం పెట్టుకుంటూ గడిపాను. రోజూ ఎలాగో కరుణించింది. మూడో గురువారం కరుణించలేదు. ఆ రోజు వాచీల తాతను కాటా ఎక్కిస్తే ఎప్పటికంటే కిలో ముప్పావు ఎక్కువున్నాడు. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టలేదు. మళ్ళీ అరగంట కోతపడింది. ఆయన ఈసారి జోకు వేయలేదు. వేయడానికి ఊపిరి ఆడటం లేదు.

మధ్యాహ్నం మేట్రన్ నన్ను పిలిచింది. "మీ పని చూసే తీసుకున్నాం. పనిలో వంక పెట్టేది లేదు. కానీ ఇది రెండోసారి. ఇంకొక్కసారైతే నా చేతిలో ఏమీ ఉండదు" అంది. తప్పు పట్టడానికి ఆవిడలో ఏమీ దొరకలేదు, అదే నాకు మరీ మంటగా ఉంది.

ఇంటికొచ్చేసరికి పై అంతస్తులో ఉండే ఇంటావిడ మెట్ల మీద కనబడింది. నా మొహం చూసి ఏమైందని అడిగింది. గేటు సంగతి చెప్పాను.

"అయ్యో, ఆ మాట మీ ఆయనకు ఇల్లు చూసిన రోజే చెప్పానే! పొద్దున నాలుగున్నర నుంచి ఆరింటి దాకా ఆ గేటు పడిందంటే లేవదు, ఆసుపత్రి డ్యూటీకైతే కష్టం, ఆలోచించుకోండి బాబూ అన్నాను. పర్వాలేదండీ, చూసుకుంటాం అన్నారు."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆ మెట్ల మీద నిలబడి తెలుసుకున్నాను. ఇన్నాళ్ళూ ఆయన పొరపాటు పడ్డాడనుకున్నాను. ఆదివారం చూసి సోమవారం అనుకున్నాడు, తెలివి తక్కువ మనిషి, పోనీలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

లోపలికి వెళ్ళేసరికి ఎవరిదో వంటింటికి కొలతలు వేసుకుంటున్నాడు.

"గేటు సంగతి మీకు తెలుసు."

పెన్సిల్ ఆగింది. మళ్ళీ నీళ్ళు నమలబోయాడు.

"మింగకండి. చెప్పండి."

"తెలుసు... ఇంత ఆలస్యమవుతుందనుకోలేదు" అన్నాడు. "అయినా అక్క ముందే ఆలోచించింది. నీకు మరీ కష్టమైతే ఈ వీధి చివర క్లినిక్ ఉందిగా. ఆ డాక్టరమ్మతో అక్క మాట్లాడి ఉంచింది. ఇంజెక్షన్లు వేయడం, బీపీ చూడడం. పదింటి నుంచి రెండింటి దాకా. హాయిగా ఉంటుంది."

"ఎప్పుడు మాట్లాడింది?"

"ఇల్లు చూసిన రోజే."

నేను కొత్త ఉద్యోగంలో చేరకముందే దాన్నుంచి నన్ను దింపే ఏర్పాటు జరిగిపోయింది. తిలాపాపం తలా పిడికెడు. నలుగురూ పంచుకున్నారు. గట్టిగా అరుద్దామనుకున్నాను. కోపంలో కూడా ఆయన్ను 'మీరు' అనే అంటాను, ఆ అలవాటు మీద కూడా కోపమొచ్చింది.

మర్నాడు డ్యూటీ అయ్యాక బస్సెక్కలేదు. ఆసుపత్రి గేటు దగ్గర మొదలుపెట్టి ఒక్కో వీధీ నడిచాను. మూడో వీధిలో టైర్లకు పంక్చర్లు వేసే షాపు, దానిమీద ఒక టైలరమ్మ ఇల్లు, ఆపైన ఖాళీగా రెండు గదులు. చెట్టన్నది లేదు. కిటికీ తీస్తే రబ్బరు వాసన. పంపు నీళ్ళు సన్నగా వస్తాయి. టైలరమ్మ ఏదీ దాచకుండా అన్నీ చెప్పింది, అందుకే నచ్చింది.

"మీ ఆయన చూడక్కర్లేదామ్మా?" అంది.

"ఆయన చూసిన ఇల్లొకటుందండీ. అందులోంచే వస్తున్నాను."

అయినా మాట ఇవ్వలేదు. శనివారం పొద్దున గేటు కరుణించి ఐదింటికే బస్సు దిగాను. టైలరమ్మ మెట్ల దగ్గరికి వెళ్ళి, అక్కణ్ణుంచి ఆసుపత్రి దాకా గడియారం పెట్టుకుని నడిచాను. తొమ్మిది నిమిషాలు. ఆ చీకట్లో, ఆ గంటకు, నా కాళ్ళతో. అప్పుడు సరేనన్నాను.

ఆదివారం రెండు పెట్టెలు సర్దుకున్నాను. మా ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. వెనకాల ఆడపడుచు. "ఇంట్లో మగవాడితో చెప్పకుండా ఇల్లు చూసుకోవడమేమిటి?" అంది ఆవిడ.

"మీ దగ్గరే నేర్చుకున్నాను వదినా. ఆడదానితో చెప్పకుండా ఉద్యోగం చూశారుగా."

మా ఆయన గొంతు తగ్గించి "నేనేం చేయాలి?" అన్నాడు. ఆ ప్రశ్న మూడు వారాల కింద అడిగి ఉంటే ఎంత బాగుండేది.

"నాతో ఉండాలని ఉంటే, మీ బల్లా మిగతా సామానూ చిన్న ట్రక్కులో వేసుకుని రండి. తాళంచెవి నా దగ్గరుంటుంది. ఐదూ ఇరవైలోగా ఆసుపత్రి గేటు దగ్గరికి వస్తే ఇస్తాను. దాటితే నేను లోపల ఉంటాను, పదిన్నర దాకా బయటికి రాను."

"అంత పొద్దున్నా? ఇప్పుడే తెస్తాను. ఆదివారం కదా, రోడ్లు ఖాళీగా ఉంటాయి."

"ఆదివారం వద్దు. రేపు రండి."

సోమవారం నాలుగుంబావుకు లేచాను. చాలా రోజుల తర్వాత కడుపునిండా నిద్రపోయాను. ఐదూ ఐదుకు ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డాను, చేతిలో తాళంచెవి. వాచీల తాత ఎందుకో ముందే వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. "ఎవరికోసమమ్మా?" అన్నాడు. మా ఆయన కోసమని చెప్పాను. ఆయన తన వాచీ వైపు చూసుకున్నాడు.

ఐదూ పద్దెనిమిదికి ఫోను మోగింది. వెనక నుంచి గూడ్సు బండి చప్పుడు.

"అరగంట నుంచి ఇక్కడే ఉన్నాను" అన్నాడు మా ఆయన. "గేటు లేవడం లేదు. బండి తర్వాత బండి వస్తూనే ఉంది. ఎంతసేపో ఎవరూ చెప్పడం లేదు. నేనేం చేయను?"

ఆ గొంతులో ఉన్నది నాకు బాగా తెలుసు. మూడు వారాలు నేను ఒక్కదాన్నే మోసిన భయం అది. పాపం అనిపించాలి. అనిపించలేదు.

"కొంచెం ముందు లేస్తే సరిపోయేది కదా" అన్నాను.

ఫోను ఆపి, తాళంచెవిని జేబులో వేసుకుని, నీళ్ళ పరీక్షకు లోపలికి వెళ్ళాను. ఆరింటికి వాచీల తాతను కాటా ఎక్కించాను. ఆ రోజు ఆయనకు నాలుగు గంటలూ నిండుగా ఇచ్చాను.