ఏడో నంబరు కిటికీ

మా వీధి పేవ్‌మెంటు మీద పసుపురంగు పాదాలు వేశారు. కుడి ఒకటి, ఎడమ ఒకటి, లైబ్రరీ గుమ్మం దగ్గర మొదలై పన్నెండు చోట్ల ఆగుతూ పాతబజారంతా తిరుగుతాయి. లైబ్రరీ కౌంటర్లో ఒక మ్యాపూ పన్నెండు కార్డులూ ఉన్న కవరు ఇస్తారు. గైడూ గీడూ ఎవరూ ఉండరు. రచయితలు పుట్టిన ఇళ్ళూ, కాఫీ తాగిన హోటళ్ళూ, అప్పులవాళ్ళకు దొరక్కుండా దాక్కున్న మేడలూ చూసుకుంటూ ఎవరికి వాళ్ళు నడవాలి. ఆగిన ప్రతిచోటా ఆ నంబరు కార్డు తీసి గట్టిగా చదవాలి. మనసులో చదువుకుంటే కుదరదట. ‘పైకి చదవండి, వీధి వింటుంది’ అని ప్రతి కార్డు నెత్తిమీదా పెద్దక్షరాల్లో వేశారు. ఎవరి బుర్రలో పుట్టిందో గానీ వాళ్ళ నోట మన్ను పడ.

అందులో ఏడో నంబరు మా కిటికీ.

మా అంటే నాదీ, మా అక్కదీ. ఇద్దరమే. అక్కకి ఐదో ఏట జ్వరమొచ్చి చూపు పోయింది. నాకు చూపుంది. అదొక్కటి తప్ప నాలో చెప్పుకోదగ్గదేమీ లేదని అక్క అభిప్రాయం, అది నా మొహం మీదే చెబుతుంది. తనకి అరవై నాలుగేళ్ళు, నాకు యాభై ఎనిమిది. ఇప్పటికీ నేను వీధి మలుపు తిరిగేసరికే నా అడుగు పోల్చి, “ఏమే కామా, ఇవాళ ఆలస్యం?” అని కిటికీలోంచి కేకేస్తుంది.

కామా అని పేరు ఎందుకొచ్చిందో చెప్పాలి. నేను అచ్చాఫీసులో ప్రూఫులు చూస్తాను. చూసేదాన్ని. మా పనిలో ఒకరు రాతప్రతి పట్టుకుని పైకి చదువుతారు, రెండోవాళ్ళు ప్రూఫు మీద దిద్దుతారు. చదివే మనిషి గొంతులో ఏ రసమూ ఉండకూడదు. ఏడుపు వచ్చే చోట ఏడవకూడదు, నవ్వు వచ్చే చోట నవ్వకూడదు. కామా ఉంటే కామా అనాలి, ఫుల్‌స్టాప్ ఉంటే ఫుల్‌స్టాప్ అనాలి. ఇరవయ్యో ఏట చేరినదాన్ని, ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చింది. అక్కకి పేపరు చదివినా ఉత్తరం చదివినా అంతే.

నేను చేరిన ఏడే ఆ నవల మా ప్రెస్సుకి వచ్చింది. దాన్ని రాసినాయన అంతకు నాలుగేళ్ళ ముందు దాకా మా మేడమీద అద్దెకుండేవాడు. మేము మేడాయన అనేవాళ్ళం. సాయంత్రం ఇంటికొస్తూ, మేడమెట్లెక్కే ముందు మా కిటికీ కింద ఆగేవాడు. అక్క తలెత్తి నవ్వేది. ఏం మాట్లాడుకునేవాళ్ళో నాకు తెలియదు, నేను వెనకాల అంట్లు తోముతుండేదాన్ని. రెండేళ్ళుండి వేరే ఊరు వెళ్ళిపోయాడు.

నవల నాలుగో అధ్యాయంలో మా అక్క ఉంది. ‘ఆ కిటికీ కింద నేను ఆగని సాయంత్రం లేదు. వీధిలో వందమంది నడిచేవారు, ఆమె తల వంచుకునే ఉండేది. నా అడుగు వినగానే తలెత్తేది. నన్ను చూసినవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు, నన్ను పోల్చుకున్నది ఆమె ఒక్కతే.’

ఇంటికొచ్చి చదివి వినిపిస్తే, అక్క ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఆ వాక్యాలు నాలుగు రోజుల్లో కంఠతా పట్టేసింది.

నవలకి ఇరవైమూడు అధ్యాయాలు. నేను అక్కకి ఇరవైరెండే చదివాను. ఇరవైరెండోదాంట్లో అతను మళ్ళీ వస్తానని చెప్పి రైలెక్కుతాడు. పుస్తకం అయిపోయిందన్నాను. ఇరవైమూడోది ప్రెస్సులో మా పెద్ద ప్రూఫ్‌రీడరు ముందు కూర్చుని గొంతు వణక్కుండా, కామా, ఫుల్‌స్టాప్ అంటూ చదివినదాన్నే. ఇంటికొచ్చి అక్క మొహం చూశాక నోరు రాలేదు.

“వస్తాడే,” అనేది అక్క. “వస్తే మాత్రం నువ్వు చెప్పక్కర్లేదు. వీధి చివర వంతెన మీద ఉండగానే నాకు తెలిసిపోతుంది.”

ముప్పై ఎనిమిదేళ్ళు ఆ ఒక్క మాట మీద బతికింది మా అక్క. రేడియోలో ఆ నవల చదివిన వారం, ఆఖరి రోజున నేనే తీగ పీకేసి రేడియో చెడిపోయిందన్నాను. మేడాయన పోయాడని పేపర్లో పడినరోజు, “రాలేకపోయాడు పాపం, రావాలనే ఉండి ఉంటుంది,” అని వాళ్ళావిడ కంటే ఎక్కువ ఏడ్చింది. ఏడవనీ అనుకున్నాను. ఆ ఇరవైమూడోది తన చెవిన పడకుండా తను పోతే చాలు, ఇంకేమీ కోరను అనుకున్నాను.

ఇంతలో ఈ నడక వచ్చి పడింది. కార్డులు అచ్చువేసే పని మా ప్రెస్సుకే వచ్చింది. ఏడో కార్డు చూద్దును కదా, ఇరవైమూడో అధ్యాయం! ప్రూఫు పట్టుకుని సాంస్కృతిక శాఖ ఆఫీసుకి పరిగెత్తాను. అక్కడి ఆఫీసరమ్మ చిన్నపిల్ల, మర్యాదస్తురాలు. కుర్చీ వేసింది.

“అమ్మా, ఇది మార్చండి. నాలుగో అధ్యాయం వెయ్యండి.”

“అదెలాగండీ? జనం కళ్ళనీళ్ళు పెట్టుకునేది ఇరవైమూడుకే కదా.”

“ఆ కిటికీలో అమ్మాయి మా అక్కే. ఇంకా బతికే ఉంది. రోజూ అక్కడే కూర్చుంటుంది. తన నెత్తిమీద నిలబడి ఇది చదువుతారా?”

ఆఫీసరమ్మ కళ్ళు ఇంతింతయ్యాయి. “నిజంగా? బతికున్నారా? అయ్యో, ముందే చెప్పలేదేంటండీ!” అని ప్రూఫు లాక్కుని, నా కళ్ళముందే కింద ఒక లైను కలిపింది: ‘అదృష్టముంటే ఆమె ఇప్పటికీ మీకు కిటికీలో కనిపించవచ్చు.’ సంతకం పెట్టి, నా చేతికే ఇచ్చింది. “థాంక్సండీ, చాలా మంచి సంగతి చెప్పారు.”

కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

సంతకం పడ్డ ప్రూఫులో చుక్క కూడా కదపకూడదు. మా పనికి అది ఒట్టు. నేనెంతమంది కుర్రకుంకల్ని తిట్టానో ఆ విషయంలో! ఆ మధ్యాహ్నం కంపోజింగ్ చూసేవాడొక్కడు తప్ప అందరూ భోజనాలకెళ్ళాక, ఇరవైమూడోది తీసేసి నాలుగోది పెట్టించాను. ఆఫీసరమ్మ మార్చమందని వాడికి అబద్ధం చెప్పాను. పదివేల కవర్లు అచ్చయి, కట్టలు కట్టి, లైబ్రరీకి చేరాయి. వారం తిరక్కుండా సంగతి బయటపడింది.

ఓనరు నన్ను కూర్చోమనలేదు. “తప్పు దొర్లితే క్షమిస్తాను. ఇది తప్పు కాదు, ఇంకేదో. మీకేం పోయేకాలమండీ ఈ వయసులో?” అన్నాడు. నేను కారణం చెప్పలేదు. చెబితే ఊరంతా పాకుతుంది, ఊరికి తెలిసింది అక్కకి తెలియడానికి ఎంతసేపు? కళ్ళద్దాలూ, ఎర్రసిరా పెన్నూ సంచిలో వేసుకుని వచ్చేశాను. సాంస్కృతిక శాఖవాళ్ళకి మళ్ళీ అచ్చువేయించే ఓపిక లేక, ఉన్న కార్డులే పంచారు.

అక్కకి మాత్రం ప్రెస్సు మానేశానని చెప్పక తప్పలేదు. కార్డులో ఏదో పొరపాటు జరిగిందన్నాను.

“ఒక్క కార్డు దిద్దలేకపోయావుటే?” అంది అక్క. “ముప్పై ఎనిమిదేళ్ళు ఏం పొడిచావే మరి?”

ఓర్చుకున్నాను. ఎందుకంటే కింద అప్పటికే మొదటి జంట వచ్చి నిలబడింది. కార్డు తీసి చదివారు. ‘ఆ కిటికీ కింద నేను ఆగని సాయంత్రం లేదు…’ అక్క తలెత్తింది. వాళ్ళు ఆమెని చూసి నోళ్ళు వెళ్ళబెట్టారు. అక్క మొహంలో ఆ వెలుగు చూశాక, పోతే పోయింది వెధవ ఉద్యోగం అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

ఆ వెలుగు ఎక్కువరోజులు భరించలేకపోయాను. పదింటికే తల దువ్వించుకుని కిటికీలో కూర్చునేది. రోజుకి ముప్పైమంది, నలభైమంది. ముప్పైసార్లూ అదే చదువు, అదే తలెత్తడం, అదే నవ్వు. “గిన్నెలు చప్పుడు చెయ్యకే, వాళ్ళకి వినపడదు.” “ఆ దగ్గు వంటింట్లో దగ్గవే.” “నీ ఊసు పుస్తకంలో ఎక్కడైనా ఉందిటే? ఉండదులే, ఆయనకి నువ్వొకదానివి ఉన్నట్టే తెలియదు.” ఇదివరకు రోజంతా ప్రెస్సులో ఉండేదాన్ని కనుక ఈ నోరు సాయంత్రాలకే పరిమితం. ఇప్పుడు పొద్దస్తమానం నాకే.

ఒక గురువారం, నేను అక్క కాళ్ళకి నూనె రాస్తుంటే, కింద ఒకావిడ కార్డు చదివి ముగించి, చనువుగా అడిగింది. “మీ పక్కన ఎవరో ఉన్నారు, మీ చెల్లెలా అండీ?”

అక్క నవ్వుతూనే చెప్పింది. “కాదమ్మా, పనిమనిషి.”

ఆవిడ వెళ్ళిపోయింది. నేను చేతులు తుడుచుకుని లేచాను. బీరువా మీద పెట్టెలో, పాత చీరల అడుగునుంచి పుస్తకం తీశాను. కళ్ళద్దాలు పెట్టుకుని అక్క ఎదుట స్టూలు మీద కూర్చున్నాను.

“ఏంటే ఆ కాగితాల చప్పుడు?”

“అధ్యాయం. ఇరవైమూడు. ఫుల్‌స్టాప్,” అన్నాను.

“ఇరవైరెండే కదే?”

చదివాను. ప్రెస్సులో చదివినట్టే, ఏ రసమూ లేకుండా.

“మూడేళ్ళ తర్వాత ఆ వీధికి వెళ్ళాను ఫుల్‌స్టాప్. కాళ్ళకు కొత్త బూట్లు ఫుల్‌స్టాప్. కిటికీలో ఆమె ఉంది ఫుల్‌స్టాప్. నేను అడుగు వేశాను కామా ఆమె తలెత్తింది కామా నవ్వింది ఫుల్‌స్టాప్. నా గుండె ఆగినంత పనైంది ఫుల్‌స్టాప్. నా వెనక ఒక కుంటికుక్క వచ్చింది ఫుల్‌స్టాప్. దానికీ తలెత్తింది కామా నవ్వింది ఫుల్‌స్టాప్. బుట్ట మోసుకుంటూ ఒకడు వచ్చాడు కామా వాడికీ అదే నవ్వు ఫుల్‌స్టాప్. గంటసేపు ఆ కిటికీ కింద నిలబడ్డాను ఫుల్‌స్టాప్. ఆమె నన్ను పోల్చుకోలేదు ఫుల్‌స్టాప్. ఎప్పుడూ పోల్చుకోలేదు ఫుల్‌స్టాప్. నాకు నవ్వొచ్చింది ఫుల్‌స్టాప్. వెళ్ళిపోయాను ఫుల్‌స్టాప్.”

చదువుతుంటే ఎంత హాయిగా ఉందో అబద్ధమాడను. ఇన్నేళ్ళు గొంతులో ఇరుక్కున్న ముల్లు బయటికి వచ్చినట్టుంది. పుస్తకం మూశాక గానీ అక్క మొహం చూడలేదు.

అక్క చేతులు కిటికీ ఊచల మీద ఉన్నాయి. అవి వదలకుండానే అడిగింది. “వచ్చాడా?”

“కథేనే అక్కా. రాసుకున్నాడు. వచ్చాడో లేదో ఎవరికి తెలుసు?” నా గొంతు అప్పుడు వణికింది, వణకాల్సిన వేళ దాటిపోయాక.

“కొత్త బూట్లేసుకున్నాడు కదే,” అంది అక్క. “పాత చెప్పులైతే పోల్చేదాన్ని. బూట్లని ఎందుకు చెప్పలేదే నాకు?”

కాళ్ళు పట్టుకుని ఏడ్చాను. నూనె కాళ్ళు, చేతుల్లోంచి జారిపోయాయి. తను వెనక్కి లాక్కుంది.

మర్నాడు కిటికీ మూసేస్తానంటే వద్దంది. పదింటికి మామూలుగానే వచ్చి కూర్చుంది, తల దువ్వించుకోలేదు. కింద జనం మామూలుగానే వస్తున్నారు, పదివేల కార్డులు కదా, ఎప్పటికి తరగాలి? ‘నన్ను పోల్చుకున్నది ఆమె ఒక్కతే’ అని ముగించి, తలెత్తుతుందేమోనని పైకి చూస్తారు. ఎత్తదు. తల వంచుకుని, నాకు మాత్రమే వినపడేట్టు మిగతాది తను చెబుతుంది. ‘మూడేళ్ళ తర్వాత ఆ వీధికి వెళ్ళాను ఫుల్‌స్టాప్. కాళ్ళకు కొత్త బూట్లు ఫుల్‌స్టాప్.’ ఒక్కసారే విన్నది, ఒక్క కామా పోకుండా పట్టేసింది. రోజుకి ముప్పైసార్లు, నలభైసార్లు. ఆపవే అక్కా అని బతిమాలాను, అరిచాను, ఒకరోజు నోరు మూశాను చేత్తో. చెయ్యి తీశాక, ఆగిన కామా దగ్గర్నించే మొదలుపెట్టింది.

నిన్న కూరగాయలకి వెళ్ళి వస్తున్నాను. వీధి మలుపు తిరిగాను, కిటికీలోంచి కేక లేదు. పసుపు పాదాల మీదుగా నడిచి కిటికీ కిందికి వచ్చాను, తల ఎత్తలేదు. అరుగు మెట్లెక్కి, తలుపు తీసి, సంచి కింద పెట్టి తన పక్కన నిలబడ్డాను.

“ఎవరు?” అంది అక్క.

“నేనే అక్కా.”

“నేనంటే?”

“కామాని.”

తను చెవి ఒగ్గి కాస్త ఆలోచించింది.

“పోల్చుకోలేకపోయానమ్మా,” అని కిటికీ వైపు తిరిగింది.