పెంకిది దారికొచ్చింది

మా మరిది పాలు పిండే మిషను తెచ్చిన రోజున చుట్టుపక్కల వాళ్ళందర్నీ పిలిచి చూపించుకున్నాడు. మనిషి చెయ్యి పెట్టక్కర్లేదట. పొదుగు నిండితే ఆవే తనంతట తాను ఇనుప గదిలోకి వెళ్తుందట. ముందున్న తొట్లో దాణా పడుతుందట. అది తింటుంటే మరచెయ్యి కిందికి వచ్చి, చనుకట్లు కడిగి, గొట్టాలు తగిలిస్తుందట. పెళ్ళయిన నాటినుంచి ఆ పనే చేస్తున్న నన్ను పక్కన నిలబెట్టుకుని మరీ ఇదంతా చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆవులు దాణాకి పడిపోయాయి. తిండికి పడనిదెవరు? ఒకటి రెండు కాస్త బెట్టు చేశాయి కానీ, తోలితే వెళ్ళేవి. పెంకిది మాత్రం ససేమిరా అంది. దూడగా ఉన్నప్పుడే తల్లి పోతే నేను సీసాతో పాలు పట్టి పెంచాను దాన్ని. మరచెయ్యి తగిలితే చాలు, ఎగిరి తన్నేది. పాత పాలగది తలుపు ముందు నిలబడి నాకోసం అరిచేది. పాలు ధారగా నేలపాలయ్యేవి.

నేను పక్కన నిలబడి మెడ గోకుతుంటే బుద్ధిగా గొట్టాలు పెట్టించుకునేది. నేను కదిలానా, అన్నీ ఊడదన్నేది.

"మిషనుతోపాటు దానికి తోడుగా మనిషిని కూడా మేపాలన్నమాట" అని మరిది నవ్వాడు.

మిషను బిగించడానికి వచ్చిన ఇంజనీరు నవ్వలేదు. "అమ్మా, మీరు కనిపిస్తున్నంతకాలం అది మిషను వైపు చూడదు. కొన్నాళ్ళు ఇటు రాకండి" అన్నాడు.

సరేనని ఇంట్లో కూర్చున్నాను. వంటింట్లోకి దాని అరుపులు వినిపిస్తూనే ఉన్నాయి. రెండు రోజులకే పొదుగు వాచి రాయిలా బిగిసిపోయింది.

"వదినా, ఆదివారం లారీ వస్తోంది. దాన్ని కబేళాకి పంపించేస్తున్నా. ఏమీ అనుకోకు" అన్నాడు మరిది.

"నేను పిండుతాను కదా. ఎప్పుడైనా కాదన్నానా?"

"ఒక్కదానికోసం పాత గది, పాత సామాను అన్నీ ఉంచలేను వదినా. నాలుగు రోజులు టైముంది. ఈలోగా దారికొస్తే ఉంచుతా."

అది నన్ను నమ్ముకున్నంతకాలం దానికి బతుకు లేదు. నా మట్టిబుర్రకి ఆ సంగతి అప్పటికి గానీ ఎక్కలేదు.

మర్నాడు పొద్దున షెడ్డులోకి వెళ్ళి, గోడవార పడి ఉన్న నీళ్ళ పైపు ముక్క తీసుకున్నాను. పెంకిది గబగబా వచ్చి మూతి చాపింది. ఆ మూతి మీదే కొట్టాను. అది అర్థంకాక నా చెయ్యి నాకబోయింది. మళ్ళీ కొట్టాను. వీపు మీద, కాళ్ళ మీద, ఏడుస్తూ, తిడుతూ కొట్టాను. నేను తిట్టింది దాన్ని కాదు. చివరికి అది పారిపోవడానికి మరో చోటు లేక ఇనుప గదిలో దూరింది. వెనక తలుపు పడింది. పాలు కొంచెమే వచ్చాయి కానీ అది తన్నలేదు. తలొంచుకుని వణుకుతూ నిలబడింది.

ఆదివారం లారీ ఖాళీగా వెళ్ళింది.

పొదుగు వాపు తగ్గిపోయింది. ఇప్పుడు నేను షెడ్డు గుమ్మంలో కనిపిస్తే చాలు, పెంకిది వెళ్ళి మిషనులో దూరుతోంది. పాలు లేవని మిషను దాన్ని అవతలి తలుపులోంచి పంపేస్తుంది. అది చుట్టూ తిరిగొచ్చి మళ్ళీ అందులోనే దూరుతుంది.

మరిది సంతోషం చూడాలి. "నీ చెయ్యి మంచిది వదినా. ఇంకో రెండు మొరాయిస్తున్నాయి. వాటి సంగతి కూడా నువ్వే చూడు. లేదంటే మళ్ళీ లారీని పిలవాలి."

"నావల్ల కాదు" అన్నాను.

నా గొంతు వినగానే ఆ రెండూ గడ్డి వదిలేసి నా దగ్గరికి వచ్చేశాయి.