నిచ్చెనకు పడ్డ ఒక్క ఓటు

ఆ ఇంటి కోడలికి కూపీ అని పేరు. పెట్టింది ఆమె భర్తే. కాపురానికి వచ్చిన వారంలోనే, పక్కింటివాళ్ళు ఒకే గోడకు మూడు రంగులు ఎందుకు వేశారో, వీధి చివరి దర్జీ ఎడమచేత్తో ఎందుకు కత్తిరిస్తాడో కూపీ లాగి పట్టుకొచ్చింది మరి. ఉద్యోగం కూడా అలాంటిదే దొరికింది. ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం. రోజంతా ఇతరుల తప్పులు వెతికి జీతం తీసుకునే మనిషిని ఇంటికి రాగానే కళ్ళు మూసుకోమంటే ఎలా కుదురుతుంది?

అలాంటి మనిషి చేతికి సొంత మామగారి జీవితమే ప్రూఫుగా వచ్చింది.

మామగారు యాభై ఏళ్ళుగా పార్టీ మనిషి. నాయకుడనుకునేరు, కాదు. నాయకుడు వేదిక మీద ఉంటాడు, ఈయన వేదిక వేయించేవాడు. ఇరవై ఏళ్ళ వయసులో జిగురు బాల్చీ పట్టుకుని గోడలకు పోస్టర్లు అంటించడంతో మొదలుపెట్టాడు. తర్వాత సభ్యత్వాల పుస్తకం చంకన పెట్టుకుని కాలికి బలపం కట్టుకున్నట్టు ఊరంతా తిరిగాడు. ముగ్గురిని గెలిపించి శాసనసభకు పంపాడు. పార్టీ రెండుసార్లు చీలింది. పెద్దపెద్దవాళ్ళు గోడ దూకారు, ఈయన మాత్రం ఆఫీసు తాళంచెవి జేబులో వేసుకుని అక్కడే కూర్చున్నాడు. రెండు వందల మంది వస్తారనుకుంటే నూటయాభై కుర్చీలే వేయిస్తాడు. మిగతావాళ్ళు నిలబడితే హాలు కిక్కిరిసినట్టు కనబడుతుందని ఆయన లెక్క. ఇక మైకు సంగతి. నలభై ఏళ్ళుగా ప్రతి సభకూ ముందు "హలో, హలో, ఒకటి, రెండు, మూడు" అని చూసి పక్కకు తప్పుకునేది ఆయనే. నాలుగో మాట ఎవ్వరూ వినలేదు. పాత ఫొటోలన్నీ ముందేసుకుని వెతికితే కూపీకి మామగారి మోచెయ్యి తొమ్మిది చోట్ల దొరికింది, ముఖం రెండే చోట్ల.

ఇప్పుడు ఆయనకు పార్టీ సన్మానం చేస్తోంది. సంచిక కూడా వేస్తోంది, దాని పేరు 'గీత దాటని మనిషి'. వ్యాసాలన్నీ పార్టీ కార్యదర్శి స్వయంగా రాశాడు. మనిషి కుర్రవాడు, మంచివాడే, కాకపోతే జోకు తడితే ఆగలేడు. నాలుగో వ్యాసానికి ఆయన పెట్టిన శీర్షిక చదివి కూపీ ఎర్ర పెన్ను కింద పెట్టేసింది.

'భార్య ఓటు కూడా పడని మనిషి.'

ఈ కథ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. నలభై ఏళ్ళ కిందట వార్డు ఎన్నికల్లో పార్టీ అభ్యర్థి చివరి నిమిషంలో జారుకుంటే, నామినేషన్ కాగితం తెచ్చి మామగారి చేతిలో పెట్టారు. పార్టీ గుర్తు నిచ్చెన. ఎదురు నిలబడింది అదే వీధి నర్సమ్మ, ఆవిడ గుర్తు గొడుగు. ఆ వీధిలో పిల్లలందరినీ భూమ్మీదకి తెచ్చిన చెయ్యి ఆవిడది. ఆవిడ మీద ఎవరు గెలుస్తారు? ఓడిపోతాడని అందరికీ తెలుసు, ఆయనకూ తెలుసు. కాని సొంత వీధి ఓట్లు పడ్డ గదిలో లెక్కపెడితే గొడుగుకు నాలుగు వందల పన్నెండు, నిచ్చెనకు ఒకటి వచ్చాయి. పార్టీ సభ్యత్వం ఉన్నవాళ్ళే ఆ వీధిలో ముప్ఫై మంది. సిగ్గుచేటు! 'ఆ ఒక్క ఓటూ ఆయనది' అని రాశాడు కార్యదర్శి. అదే అందరూ అనేది. మరి ఆవిడ? అని కన్నుగీటడం, హాలంతా గొల్లుమనడం, మామగారు తల వంచుకుని నవ్వడం, ప్రతి సభలోనూ ఇదే తంతు.

కూపీ ప్రూఫు ఇంటికి తెచ్చి అత్తగారి ముందు పెట్టింది. అత్తగారు కూరగాయలు తరుగుతోంది. కళ్ళజోడు సవరించుకుని శీర్షిక చదివింది, కత్తి పక్కన పెట్టి మరోసారి చదివింది.

"ఇది అచ్చు వేస్తారా?"

"రేపు సభలో కార్యదర్శి గారు చదువుతారట. సభ ఫొటోలు కూడా చేర్చి, తర్వాత అచ్చు వేస్తారు."

"అయితే నేను సభకి రాను. మీ మామయ్య పక్కన కుర్చీ వేస్తే ఖాళీగానే ఉంటుందని చెప్పు."

"అదేంటత్తయ్యా? అందరూ ఎప్పుడూ అనేదేగా."

"నోటితో అంటే విన్నాను. నలభై ఏళ్ళు విన్నాను. అచ్చులో పడితే నా మనవరాలు చదువుతుందే! మొగుడికి ఓటెయ్యని మనిషి మా నాయనమ్మ అనుకుంటుంది." అత్తగారు ప్రూఫును అవతలికి తోసింది. "నేను వేశాను అమ్మాయ్. నిచ్చెనకే వేశాను."

ఇదెక్కడి చోద్యం! కూపీ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. అత్తగారిది ఒకటి, మామగారిది ఒకటి, వెరసి రెండు. గదిలో పడ్డది ఒకటే. అబద్ధమాడే మనిషి కాదు అత్తగారు. చిల్లర ఎక్కువిచ్చాడని కొట్టువాణ్ణి వెతుక్కుంటూ వెళ్ళే రకం.

"అంటే మామయ్య..."

"అది నన్నడక్కు. నేనూ ఆయన్ని అడగలేదు, ఆయనా చెప్పలేదు. జనం నన్ననే మాటలకి నాకు బాధ లేదు. వాళ్ళు అన్నప్పుడల్లా ఆయన నవ్వుతారు చూడు, ఆ నవ్వే..." అని మాట మింగేసి మళ్ళీ కత్తి అందుకుంది.

ఇంకేముంది, కూపీ కాళ్ళు నిలుస్తాయా? చెప్పులు వేసుకుని వీధి చివరి పార్టీ ఆఫీసుకు వెళ్ళింది. హాల్లో మామగారు ఒక్కరే ఉన్నారు. రేపటి తన సన్మానానికి తనే కుర్చీలు వేసుకుంటున్నారు. ఏం చెప్పాలి ఆయన గురించి! ఒక్కో వరుసకీ దారం పట్టి సరిచూస్తున్నారు.

"మామయ్యా, ఒక ప్రూఫు తప్పు వచ్చింది. మీరే దిద్దాలి."

"కార్యదర్శి చూశాడుగా తల్లీ."

"ఆయనకి తెలియని తప్పు. అత్తయ్య నిచ్చెనకి వేశానంటోంది."

ఆయన చేతిలోని దారం వదులైంది. కుర్చీ వెనక్కి లాగి, ముందుకు జరిపి, మళ్ళీ వెనక్కి లాగారు. "ఎప్పటి మాటలు... ఇప్పుడవన్నీ ఎందుకులే..." అంటూ నీళ్ళు నమిలారు. కోడలు కదలకుండా నిలబడింది. కదలదని ఆయనకూ తెలుసు.

"ఆ ఎన్నికలయిన వారానికి పెయింటర్ని పార్టీలోంచి తీసేశారు, తెలుసా?" అన్నారు చివరికి. "నాతో కలిసి పోస్టర్లు అంటించినవాడు. గొడుక్కి వేశానని టీ కొట్టు దగ్గర నిజం చెప్పాడు, అంతే. ఎదుటి గుర్తుకి వేస్తే సభ్యత్వం రద్దు, అది నియమం. ఆ రద్దు కాగితం రాసింది నేను. ఈ చేత్తోనే రాశాను."

"మరి మీరు?"

ఆయన తేలు కుట్టిన దొంగలా అటు తిరిగి దారం చుట్టుకోవడం మొదలుపెట్టారు. "గీత దాటని మనిషి అని పేరు పెట్టారమ్మా పుస్తకానికి," అన్నారు, "అది పోతే నా దగ్గర ఇంకేముంది?"

కూపీకి ఒళ్ళు మండింది. "మీ పేరు నిలబడ్డానికి అత్తయ్య పేరు పోయింది కదా మామయ్యా!" అనేసింది. పెద్దాయన్ని అంత మాట అనకూడదు. అయినా వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు పొద్దున్నే కూపీ డాబా మీద బట్టలు ఆరేస్తుంటే ఒక వింత కనబడింది. మామగారు ఆఫీసు ముందు నిచ్చెన వేసుకుని దీపస్తంభం ఎక్కారు. డెబ్బై ఏళ్ళ మనిషి! మైకు గొట్టాన్ని తిప్పుతున్నారు. మామూలుగా దాని మూతి బజారు వైపు ఉంటుంది, జనం వచ్చేది అటునుంచే. ఈయన దాన్ని పూర్తిగా ఇటు, వీధి లోపలికి, ఇంచుమించు తన ఇంటి వైపే తిప్పి తీగతో బిగించారు. ఇటు తిప్పితే ఎవరు వింటారు? పెద్దాయన మతి గాని తప్పిందా అనుకుంది కూపీ.

పదింటికి సభ. కూపీ భర్త పిల్లను తీసుకుని ముందే వెళ్ళాడు. అత్తగారు మాత్రం అన్నంత పనీ చేసింది. పాత బట్టలతోనే వంటింట్లో గిన్నెలు సర్దుతూ కూర్చుంది. సర్దినవే సర్దుతోంది. ఆమెను ఒంటరిగా వదిలి వెళ్ళలేక కూపీ గుమ్మంలో నిలబడింది.

గొట్టం గరగరమంది. "హలో, హలో," అంది మామగారి గొంతు. "ఒకటి..."

అక్కడ ఆగిపోయింది. తర్వాత రెండు రావాలి. రాలేదు. కరెంటు పోయిందేమో అనుకుని కూపీ స్విచ్చు వేసి చూసింది, దీపం వెలిగింది.

"ఒకటి," అంది గొంతు మళ్ళీ, ఈసారి కాస్త బొంగురుగా. "ఆ ఒక్క ఓటూ నాది కాదు. మా ఆవిడది."

అత్తగారి చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

"ఇది టెస్టింగ్ కాదు, అందరూ కూర్చోండి. కార్యదర్శి గారూ, ఒక్క నిమిషం, మైకు వదలండి బాబూ... నేను గొడుగు మీద గుద్దాను. అభ్యర్థినై ఉండి నాకు నేను వేసుకోలేదు. ఆ ఎన్నికకి ఇరవై రోజుల ముందు మా ఆవిడకి కాన్పు కష్టమైంది. ఆశ వదులుకోమన్నారు. నర్సమ్మ రెండు రోజులు మంచం పక్కనుంచి కదల్లేదు. తల్లినీ బిడ్డనీ తెచ్చి నా చేతుల్లో పెట్టింది. ఓటు కాగితం ముందు పెట్టుకుని ముద్ర పట్టుకున్నాను. నా పేరు నాకు కనబడలేదు. గొడుగే కనబడింది."

హాల్లో గుసగుసలు గొట్టంలోంచి వినబడుతున్నాయి.

"ఒక్క ఓటే వచ్చిందని చెప్పగానే అది ఎవరిదో నాకు తెలిసింది. అది నీదేగా అని మీరు నవ్వితే నేనూ నవ్వాను. పార్టీ తీసేస్తుందని భయం. పెయింటర్ని తీసేసి నన్ను నేను దాచుకున్నాను. వాడు ఇప్పుడు లేడు, వాడికి చెప్పుకునే దారి లేదు. మా ఆవిడ ఉంది. ఇదిగో నా సభ్యత్వం కార్డు, బల్ల మీద పెడుతున్నాను. నియమం అందరికీ ఒకటే."

తర్వాత మైకు కుయ్యిమని అరిచి ఆగిపోయింది.

అత్తగారు గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఏడుస్తోందో నవ్వుతోందో కూపీకి ఒక పట్టాన అర్థం కాలేదు. రెండూ చేస్తోంది. "నలభై ఏళ్ళు పట్టిందే ఈ మనిషికి, మైకులో నాలుగో మాట మాట్లాడ్డానికి!" అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఆయనకి తన మీద తనకే నమ్మకం లేక వేసుకోలేదేమో అనుకున్నానే ఇన్నాళ్ళూ. నేను బతికినందుకని అనుకోలేదు."

లేచి ముఖం కడుక్కుని మంచి బట్టలు కట్టుకుంది. ఇద్దరూ వీధిలోకి వచ్చారు. దర్జీ మిషన్ ఆపి చూస్తున్నాడు. అరుగుల మీద ఆడవాళ్ళందరూ లేచి నిలబడ్డారు, గొట్టం ఇటే తిరిగి ఉందాయె, ఒక్క ముక్క వదలకుండా విన్నారు. కూపీకి ఇంకో ప్రశ్న నాలుక చివర ఆడుతోంది. ఇలాంటి వేళ అడగొచ్చా? అడక్కుండా ఉండగలదా?

"మరి మిమ్మల్ని బతికించింది నర్సమ్మే కదా అత్తయ్యా. మీరెందుకు ఆవిడకి వెయ్యలేదు?"

"లేవొద్దన్నది కూడా ఆవిడే. కుట్లు ఊడతాయంది. అయినా మా తోడికోడలి భుజం పట్టుకుని వెళ్ళాను." అత్తగారు నడక ఆపలేదు. "వీధంతా ఆవిడకే వేస్తుందని నాకు తెలియదా? ఈయనకి ఒక్కటైనా పడకపోతే, సున్నా మోసుకుని ఇంటికొచ్చి నా ముందు ఎలా నిలబడతారే పాపం?"

ఈసారి కూపీ కళ్ళే చెమర్చాయి.

హాల్లో నూటయాభై కుర్చీలూ నిండి, గోడల పొడుగునా జనం నిలబడి ఉన్నారు. వేదిక మీద మామగారు మోచేతులు బల్లకు ఆనించి, తప్పు చేసిన బడిపిల్లాడిలా కూర్చున్నారు. కార్యదర్శి ముఖంలో నెత్తురు చుక్క లేదు. కార్డును తీసుకోలేక, వదల్లేక వేలితో అటూ ఇటూ జరుపుతున్నాడు. "పార్టీ పరువు ఏమవుతుందండీ, పై వాళ్ళకి నేనేం చెప్పుకోను?" అని ఎవరితోనో అంటున్నాడు.

అత్తగారు మెట్లెక్కింది.

"ఏం బాబూ," అంది కార్యదర్శితో, "ఆయన చేసిన పనికి మాట పడి నేను నలభై ఏళ్ళు మోశాను. మీ పార్టీ ఒక్క పూట మొయ్యలేదా?"

ఎవరూ నవ్వలేదు. మొదట వెనక నిలబడ్డ ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు, తర్వాత మిగతావాళ్ళు. కార్యదర్శి కార్డును మెల్లగా మామగారి వైపు జరిపాడు. ఆయన దాన్ని ముట్టుకోలేదు. లేచి పక్క కుర్చీని వెనక్కి లాగి, దుమ్ము లేకపోయినా అరచేత్తో తుడిచి భార్య వైపు చూశారు.

"మళ్ళీ ఎప్పుడైనా నిలబడితే నాకే వేస్తావా?" అన్నారు చిన్నగా. మైకు ఆగే ఉందనుకున్నారు, ఈలోగా ఎవరో మళ్ళీ వేశారు. వీధంతా విన్నది.

"నేను వేస్తా. మీరే బుద్ధిగా వేసుకోండి," అని కూర్చుంది అత్తగారు. అప్పుడు హాలు గొల్లుమంది.

మధ్యాహ్నం ప్రెస్సుకు వెళ్ళి కూపీ నాలుగో వ్యాసం ముందేసుకుంది. శీర్షిక మొత్తం కొట్టేసింది. తర్వాత 'ఆ ఒక్క ఓటూ ఆయనది' అన్న చోట పెన్ను ఆపింది. నలభై ఏళ్ళ తప్పు, దిద్దాల్సినవి రెండే అక్షరాలు. 'య' కొట్టేసి 'వి' రాసింది, 'న' కొట్టేసి 'డ' రాసింది. సరిపోయిందో లేదో ఒకసారి పైకి చదువుకుని, కింద సంతకం పెట్టి మిషన్ దగ్గరికి పంపించింది.